శబ్దం వినబడుతుంది, మాట తెలియదు

సంపాదకులకు,

వినికిడి తగ్గడమంటే చుట్టూ నిశ్శబ్దం కమ్మేయడం అనుకుంటారు చాలామంది. ఆస్పత్రికి ఆలస్యంగా రావడానికి అదే కారణం. నిజానికి మొదట తగ్గేది శబ్దం కాదు, స్పష్టత. లోపలి చెవిలో సన్నటి, కీచు శబ్దాలను పట్టే కణాలు ముందు చచ్చిపోతాయి, మళ్లీ పుట్టవు. స, చ, త, క లాంటి హల్లుల్ని విడదీసి చూపేవి ఆ శబ్దాలే. అచ్చులు మాత్రం గట్టిగానే వినబడతాయి. కనుక ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ, చారు అన్నారో కారు అన్నారో తేలదు. మగవాళ్ల మాట అందుతుంది, మనవరాలి మాట అందదు. పెళ్లి భోజనాల దగ్గర మరీ కష్టం. సరేనని మనం గొంతు పెంచితే "ఎందుకలా అరుస్తావ్" అని విసుక్కుంటారు. అది చాదస్తం కాదు, జబ్బు లక్షణమే. దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అసలు అందదు, కాస్త పెద్దదైతే ఒక్కసారిగా హోరెత్తుతుంది.

మన విశాఖలో ఇది ముసలివాళ్ల సమస్యే కాదు. ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, పోర్టు, మరబోట్ల ఇంజిన్లు... చేయి చాపితే అందే మనిషితో కూడా అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే అక్కడి మోత 85 డెసిబెల్స్ (చెవికి హాని మొదలయ్యే స్థాయి) దాటిందని లెక్క. షిఫ్టు దిగాక చెవుల్లో గుయ్యిమనడం, దిబ్బడ, తెల్లారేసరికి సర్దుకోవడం... ఇవి తొలి హెచ్చరికలు. దూది కుక్కుకుంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఫోమ్ ప్లగ్గును సన్నగా నలిపి, చెవిని పైకీ వెనక్కీ లాగి దూర్చి, ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. చాలామంది చెవి అంచునే తగిలించుకుంటారు, అలాగైతే అది పనిచేయదు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. వినికిడి తగ్గిందని అనుమానం ఉన్నవాళ్ల వెనక, పెదాలు కనబడకుండా చేయి దూరంలో నిలబడండి. వాళ్లను ఒక చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపెను నొక్కి రుద్దుతుండమనండి. మీరు ఊపిరి పూర్తిగా వదిలి, "ఏడు, క, మూడు" లాంటి మూడింటిని గుసగుసగా చెప్పండి. తప్పితే వేరే మూడు చెప్పండి. ఆరింటిలో మూడైనా చెప్పలేకపోతే ఆడియోమెట్రీ (యంత్రంతో చేసే వినికిడి పరీక్ష) చేయించాలి. రెండో చెవికీ ఇలాగే. ముందు గుబిలి ఉందేమో డాక్టరుకు చూపించండి. కాచిన నూనె పోయొద్దు, కర్ణభేరికి చిల్లు ఉంటే లోపలికి దిగి చీము పడుతుంది.

మోతలో పనిచేసేవాళ్లు కనీసం 14 గంటలు దానికి దూరంగా ఉండి పరీక్షకు వెళ్లాలి, లేకపోతే తాత్కాలిక మందగింపు కూడా లెక్కలోకి వస్తుంది. మోత దెబ్బ ఆ పరీక్ష గ్రాఫులో (ఆడియోగ్రామ్‌లో) సాధారణంగా 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే కీచు శబ్దాల దగ్గర, గుంటలా కనిపిస్తుంది.

ఒకటి మాత్రం వాయిదా వేయకూడదు. ఒక్క చెవి గంటల్లో గానీ రెండు మూడు రోజుల్లో గానీ హఠాత్తుగా మూగబోతే జలుబేమోనని ఆగొద్దు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు వెళ్లాలి. స్టెరాయిడ్లు ఎంత తొందరగా మొదలైతే అంత ఆశ, రెండు వారాలు దాటితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది.

మోత వల్ల వచ్చే చెవుడును ఫ్యాక్టరీల చట్టం (2025 నవంబరులో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా) ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వృత్తి రోగాల్లో చేర్చింది. కాబట్టి యాజమాన్యాలు ఏటా చేసే పరీక్షలో "ఫిట్" అని ముద్ర వేసి సరిపెట్టకుండా, ఆడియోగ్రామ్ నకలు కార్మికుడి చేతికి ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికులకూ ఇవ్వాలి.

- ఒక ఆడియాలజిస్టు, విశాఖపట్నం