వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి: పది రోజుల గోలీలతో నెల ఎట్లా గడుస్తుంది?

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కరించి వ్రాయునది.

మా ఊళ్లో ముప్పై ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు పరీక్షలు జరుగుతున్నాయని మీకు నివేదికలు అందే ఉంటాయి. అవి అబద్ధం కావు. జబ్బు ఉందని తేలిన తరువాతే అసలు చిక్కు మొదలవుతోంది. రోజూ వేసుకోవలసిన ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ అనే బీపీ గోలీలు నెలకు సరిపడా ఇవ్వవలసి ఉండగా, పది రోజులకే ఇచ్చి, "స్టాకు రాలేదు, మళ్లీ రండి" అని పంపుతున్నారు. ఉపకేంద్రంలోని నర్సమ్మ ఏఎన్‌ఎంను అని లాభం లేదు, రానిది ఆమె మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? అర్జీలు ఇచ్చాం. "సంబంధిత అధికారికి పంపడమైనది" అన్న జవాబు మాత్రం క్రమం తప్పకుండా అందుతోంది. గోలీలకు కూడా ఆ క్రమం ఉంటే ఎంత బాగుండును!

మళ్లీ రావాలంటే ఎవరు రావాలి? మావి గల్ఫు వలసల పల్లెలు. కొడుకులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే, ఇళ్లలో మిగిలింది డెబ్బై దాటిన అవ్వలు, తాతలు. మా వాడకట్టులో ఒక అవ్వ పది గోలీలను సగానికి విరిచి ఇరవై రోజులు వెళ్లదీస్తోంది. ఒక్క ప్రాణానికి కూర ఎందుకని రెండు పూటలా మామిడికాయ తొక్కుతోనే తింటుంది. రోజుకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదన్న కరపత్రం ఆమె ఇంటి గోడకే అంటించి పోయారు. గోలీ మానినంత మాత్రాన నొప్పి పుట్టదు కనుక, ముప్పు సంగతి పక్షవాతమో గుండెపోటో వచ్చిన రోజునే తెలుస్తుంది. ఆ రోజున 108కి ఫోను చేసే మనిషి కూడా ఆ ఇంట్లో లేరు.

ఈ జబ్బుల ముప్పు ఎవరికెంతో లెక్కకట్టడానికి ఆశ కార్యకర్త నింపే పత్రంలో వయసు, పొగాకు, మద్యం, నడుము కొలత, వ్యాయామం, కుటుంబంలో జబ్బులు, వీటికే మార్కులు. ఒంటరిగా ఉంటున్నారా, వండిపెట్టేవారున్నారా అన్నదానికి ఆ లెక్కలో చోటు లేదు. నన్నడిగితే, మా ఊరి ముసలివాళ్ల గుండెకు చుట్ట ఎంత కీడో ఒంటరితనమూ అంతే.

ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు, సంతోషం. గుండెపోటు వచ్చాక అంత ఖర్చుకు సిద్ధపడిన ప్రభుత్వం, దాన్ని ఆపే గోలీ దగ్గర ఎందుకు వెనకాడుతోందో అర్థం కాదు. 2,016 రూపాయల పింఛనులోంచే కొనుక్కొమ్మంటారా? అది 4,000 అవుతుందన్న 2023 నాటి ఎన్నికల హామీ సంగతి ఇక్కడ ఎత్తను. దానికి వేరే లేఖ రాయాలి.

దయచేసి నెలకు సరిపడా గోలీలు పంపించండి. కదలలేనివారికి, తోడు లేనివారికి ఇంటికే చేర్చే ఏర్పాటు చేయండి. మళ్లీ మనవి చేస్తున్నాను, ముందు గోలీలు పంపించండి. అదీ వెంటనే కాదంటే, వచ్చే నెల స్టాకు మా మండలానికి ఏ తేదీన చేరుతుందో ఆ తేదీ అయినా చెప్పించండి. ఉపకేంద్రం తలుపు మీద రాసిపెట్టుకుంటాం.

ఇట్లు,
ఉత్తర తెలంగాణ పల్లె నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు