తాళం తీసినా ఆగని బండి

ఒరేయ్ సూరిగా,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. నువ్వు సంక్రాంతికి రాసినదానికి ఇప్పుడు జవాబా అని అడుగుతావ్, అవును ఇప్పుడే, మధ్యలో మూడుసార్లు మొదలెట్టి ఆపేశాను, అందులో ఒకటి ఇంకా డ్రాఫ్టుల్లోనే ఉంది, "ఒరేయ్ సూరిగా నేను బాగానే" అని. ఇక్కడ సంగతులు గబగబా చెప్పేస్తా: అమ్మ మోకాలు పర్లేదు, పెద్దది ఐదో క్లాసుకొచ్చింది, ఉద్యోగం ఉంది, అంతే, దాని గురించి అంతకంటే ఏం లేదు. అయిపోయింది. ఇప్పుడు అసలు విషయం. ఆదివారం నుంచి ఇది ఎవరికి చెప్పినా సగం దాకా విని ఫోన్ చూసుకుంటున్నారు, నీకైతేనే పూర్తిగా అర్థమౌతుంది.

పెద్దమావయ్య బెంజి గుర్తుందిగా? గుర్తులేకపోవడమేంటిలే, వెనక సీటు మీద మరక సాక్షి. ఆ మామిడితాండ్ర కేసులో నేను ఇప్పటికీ నోరు విప్పలేదు, అత్తయ్య ఇంకా బాబ్జీగాణ్ణే అనుమానిస్తోంది.

మావయ్య పోయాక అది పద్నాలుగు నెలలు షెడ్డులోనే ఉంది. అత్తయ్య పిలిచి తాళాలు చేతిలో పెట్టి "తుక్కుకి ఇవ్వబుద్ధి కావట్లేదురా, నువ్వు తీస్కెళ్ళు" అంది. 1982 మోడల్ 240డి, డబ్ల్యూ 123 అంటారే ఆ బాడీ. మావయ్య మస్కట్‌లో చేసి 1986లో తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్నది. 2.4 లీటర్ డీజిలు, నాలుగు సిలిండర్లు, టర్బో గిర్బో ఏం లేదు, 72 హార్స్‌పవర్. కడియం రోడ్డు మీద పల్లెవెలుగు బస్సు నన్ను ఓవర్‌టేక్ చేసి కండక్టరు చెయ్యూపాడు, నిజం. జర్మనీలో అది టాక్సీరా, మనకి రాజమండ్రిలో బెంజి అంటే బెంజే, డాక్టరుగారి బండి, అంతే.

ఎన్ని కిలోమీటర్లు తిరిగిందంటే ఎవరికీ తెలీదు. ఓడోమీటర్ 4,12,863 దగ్గర 2003లోనే ఆగిపోయింది. లోపల చిన్న పళ్ళచక్రం ఇరుసు మీద పట్టు తప్పి ఊరికే తిరుగుతుందట, ఈ మోడల్‌కి అది మామూలేనట. కాబట్టి ఎవడైనా పాత డబ్ల్యూ 123 అమ్ముతూ "రెండు లక్షలే తిరిగిందండి" అంటే ముందు ఆ మీటర్లో అంకెలు కదులుతున్నాయో లేదో చూడాలి. మావయ్య మాత్రం ఊరుకున్నాడా, మీటరు పోయిన రోజు నుంచి లెడ్జర్‌లో ఊళ్ళ దూరాలు వేసుకుని కూడుకున్నాడు. "వైజాగ్ పోయి రాక 380." "కాకినాడ 130." చివరి లెక్క 6,31,000 చిల్లర. ఆ లెడ్జర్ ఇప్పుడు నా దగ్గరే ఉంది, ప్రతి ఆయిల్ మార్పూ, ప్రతి ఫిల్టరూ, వాల్వ్ క్లియరెన్సులు "ఇన్‌టేక్ 0.10, ఎగ్జాస్ట్ 0.30, చల్లగా ఉన్నప్పుడే చూడవలెను" అని ఆయన గుండ్రటి రాతలో. మందుల చీటీ మాత్రం ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు!

ఆ నీ గ్రీకు టాక్సీ ఆయన కూడా ఇదే బాపతు కదూ, సచినిడిస్, థెస్సలొనీకి. 1976 మోడల్ 240డి, 46 లక్షల కిలోమీటర్లు తిప్పి 2004లో కంపెనీ మ్యూజియంకే ఇచ్చాడు. నువ్వు ఆ ఫోటో పంపి "చూడు ఒకే బండి" అన్నావ్, నేను ఒప్పుకోను, ఆయన దగ్గర మూడు ఇంజన్లు ఉండేవి, ఒకటి రిపేరులో ఉంటే ఇంకోటి బిగించి తిప్పేవాడు. అయినా మూడుతో 46 లక్షలంటే మాటలా. సరే అది మనం కలిసినప్పుడు కొట్టుకుందాం.

షెడ్డులోంచి తీయడమే ఒక పురాణం. ఆరు లక్షలు తిరగడం దానికి లెక్కలోది కాదుగానీ పద్నాలుగు నెలలు కూర్చోబెట్టడమే చంపింది. ట్యాంకు అడుగున జల్లెడ మూసుకుపోయింది, డీజిల్ గొట్టాలు ముట్టుకుంటే పగిలాయి, టైర్లు ఒకవైపు బల్లపరుపు. ముందు మడ్‌గార్డు కింద తుప్పు, జాకీ పెట్టేచోట ఇంకా పెద్ద తుప్పు. ఇంజన్ మాత్రం... గ్లో ప్లగ్ లైటు ఆరగానే రెండో తిప్పుకి అందుకుంది. నేనూ మెకానిక్కూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. ఆర్టీవో సంగతి అడక్కు, ఇంపోర్టెడ్ కార్లకి రీరిజిస్ట్రేషన్ ఫీజు బాగా పెంచేశారు, మా ఆవిడకి ఆ అంకె ఇంకా చెప్పలేదు, నువ్వూ నోరు జారకు.

ఆ, పెళ్ళి. రమణక్క కొడుకు పెళ్ళి, అమలాపురం అవతల అమ్మాయి వాళ్ళ ఊళ్ళో. "పెళ్ళికొడుకు మా నాన్నగారి బెంజిలోనే రావాలి" అని అక్క పట్టు. నాకా, లోపల భయం పైకి పోజు. తెల్లారుజామునే బంతిపూలు కట్టించాను, బానెట్ మీద అడ్డంగా ఆరు దండలు, అద్దాల కింద నుంచి గ్రిల్లు దాకా దారాలతో బిగించి మూట కట్టినట్టు కట్టాడు ఆ పూలబ్బాయి. ఇది గుర్తుపెట్టుకో.

జొన్నాడ, గౌతమి బ్రిడ్జి, రావులపాలెం, కొత్తపేట, ఎంత బాగా వెళ్ళిందిరా! కాలవ గట్టున కొబ్బరిచెట్ల మధ్య, కిటికీలు దించి, యాభైలో. వెనకాల ముగ్గురు పిల్లల్ని ఎక్కించారు పెళ్ళికొడుకు పక్కన, వాళ్ళు హ్యాండిళ్ళు లాగుతున్నారని నేను నా తలుపు మీది గుండీ కిందకి నొక్కాను, ఠక్ మని నాలుగు తలుపులూ లాక్. ఈ బండి తెచ్చాక లాక్ నొక్కడం అదే మొదటిసారి.

పందిరి ముందు ఆపాను. సన్నాయి మొదలైంది. తాళం తిప్పి తీశాను.

ఇంజన్ ఆగలేదు.

తాళం నా చేతిలో ఉంది, టకటకటకటక అంటూ అది దాని మానాన అది. మళ్ళీ పెట్టి తిప్పి తీశాను. టకటకటక. వెనక తలుపు గుండీ లాక్కుని పెళ్ళికొడుకు దిగిపోయాడు, పిల్లలు దిగిపోయారు, హారతి పట్టారు, నేను స్టీరింగ్ ముందు పూజారిలా కూర్చున్నాను. పొగ తిన్నగా వంటల షామియానాలోకి. అమ్మాయి మేనమామగారు వచ్చి "బాబూ, బండి ఆపండి, మంత్రాలు వినపడట్లేదు" అన్నారు. తాళం పైకెత్తి చూపించాను. ఆయనకి ఏం చెయ్యాలో తెలీక దండం పెట్టి వెళ్ళిపోయారు.

ఇక సలహాలు చూడు. నాలుగో గేర్లో వేసి క్లచ్ వదిలెయ్యమన్నాడొకడు, నిజానికి అది సరైన మాటే, కానీ ముందు మూడడుగుల్లో పందిరి గుంజ ఉంది, పెళ్ళి నా మీదే కూలుతుంది. బ్యాటరీ వైరు పీకమన్నాడింకొకడు. డీజిల్‌కి స్పార్కేంటి, ఒకసారి అంటుకున్నాక డీజిల్ అందుతున్నంతసేపూ దానికి కరెంటుతో పనిలేదు. అయినా బానెట్ తెరిస్తేగా, దండలు కోస్తే అపశకునం అని ముసలమ్మలు కేకలు. ఈలోగా ఎవడో మహానుభావుడు సైలెన్సర్లో తడి తువ్వాలు కుక్కాడు, అది రెండు నిమిషాలు ఓర్చుకుని ఒక్కసారి ఉమ్మేసింది, వెళ్ళి ఫోటోగ్రాఫర్ పంచె మీద పడింది. మన హాస్టల్ ఫ్యాను రోజు గుర్తొచ్చిందిరా, సరిగ్గా అదే మొహం వాడిది.

అప్పుడొచ్చాడు ఆయన. అరవై ఐదు పైనే ఉంటాయి, తెల్ల చొక్కా, భుజం మీద కండువా, చేతిలో సగం తిన్న కాజా. తొందర లేకుండా కిటికీ దగ్గరికొచ్చి చెవి పెట్టి విని, "ఆయ్, తలుపు లాకేసేరాండి?" అన్నాడు. వేశానన్నాను. చెయ్యి లోపలికి పెట్టి ఆ గుండీ పట్టుకుని పైకి లాగాడు. ఇంజన్ రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

ఒట్టు. తలుపు లాక్ తీస్తే ఇంజన్ ఆగింది.

పందిరంతా ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత పంతులుగారే ముందు నవ్వారు.

భోజనాల దగ్గర ఆయన పక్కనే కూర్చున్నాను, వదుల్తానా. కువైట్‌లో పదమూడేళ్ళు డ్రైవరు, ఈ బండికి పెద్దన్న 300డి, అయిదు సిలిండర్లది, తోలాడట. ఈ బండిలో ఇంజన్ని ఆపేది కరెంటు కాదురా, గాలి. అంటే వాక్యూం. ఇంజన్‌కే ఒక పంపు ఉంటుంది, అది గాలి పీలుస్తూ ఉంటుంది, తాళం తిప్పితే ఆ పీల్పు సన్నటి గొట్టంలోంచి ఇంజెక్షన్ పంపు దగ్గరకి పోయి డీజిల్ కట్టేస్తుంది. తలుపుల లాకులు కూడా అదే పీల్పు మీద! ఏ తలుపులో రబ్బరు డయాఫ్రం చిరిగినా అక్కడ గాలి లీకై, ఇంజన్‌కి ఆగే బలం చాలదు. మనదాంట్లో లాక్ వేసే వైపు చిరిగింది, తీసే వైపు బాగుంది, అందుకే ఇన్నాళ్ళూ నాకు తెలీలేదు. నలభై ఏళ్ళ రబ్బరు, దాన్నేం అంటాం. "ఇంజన్ ఏడు లక్షలు తిరుగుద్దండి, రబ్బరు తిరగదండి" అన్నాడాయన సాంబారు కలుపుకుంటూ. ఆయన 300డి ఏడు లక్షలు దాటిందట ఆ ఎండల్లో, ఆ ఇసకలో, ఎయిర్ ఫిల్టరు మాత్రం వారానికోసారి దులిపేవాణ్ణి అన్నాడు. 1990 ఆగస్టులో ఇరాక్ వాళ్ళొచ్చినప్పుడు బస్సుల్లో అమ్మాన్ దాకా పోయి అక్కడ విమానం ఎక్కారట అందరూ. బండేం చేశారు అని అడిగాను. "తాళం దానికే వదిలేసొచ్చేనండి" అన్నాడు. తర్వాత పెరుగు వడ్డించేదాకా ఏం మాట్లాడలేదు.

నువ్వు ఆ ఏనుగులాంటి పాత బండిని కొనే ముందు ఈయన్ని కలిసుంటే బాగుండేది. అవునూ, అది లేచిందా, ఇంకా నాలుగు కాళ్ళూ ముడుచుకునే ఉందా? ఎనభై వేలే తిరిగింది అని మురిసిపోయావు, నేను అప్పుడే చెప్పాను, పాత పెద్దబండిలో మీటరు చూడకూడదు ఫైలు చూడాలని, ఎయిర్ సస్పెన్షన్ సంచీలు ఏళ్ళని లెక్కపెట్టుకుంటాయిగానీ కిలోమీటర్లని కాదు. సంచీ కాస్త కారితే కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుని అదీ కాలుద్ది, ఒకటి మార్చేబదులు రెండు మార్చాలి. కోపం తెచ్చుకోకు. నా బండి పెళ్ళి మధ్యలో పరువు తీసింది, మనం సమానం.

అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు.

సాయంత్రం అత్తయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, పడీ పడీ నవ్వుతుందనుకుంటే సగంలో ఆగిపోయింది. "అందుకేనన్నమాట" అంది. నీకు గుర్తుందా, మావయ్య రోజూ సాయంత్రం బండి షెడ్డులో పెట్టి బానెట్ ఎత్తి ఒక్క క్షణం లోపలికి వంగేవాడు, మనం ఏమనేవాళ్ళం, ఇంజన్‌కి గుడ్‌నైట్ చెప్తున్నాడు అని. నువ్వైతే ఆ వంగడం అచ్చం చేసి చూపించేవాడివి. నువ్వు చూసింది 2009 తర్వాతేలే, మా పెళ్ళికొచ్చినప్పుడు. ఇంజెక్షన్ పంపు దగ్గర ఎర్రటి మీట ఒకటుంది, ఇంగ్లీషులో స్టాప్ అని రాసుంటుంది, నొక్కితే డీజిల్ ఆగిపోతుంది. ఆయన గుడ్‌నైట్ చెప్పట్లేదురా, బండి ఆపుతున్నాడు. ఎవరికీ చెప్పకుండా, అన్నేళ్ళు, రోజూ.

రాత్రి ఇంటికొచ్చి లెడ్జర్ తిరగేశాను. 2009 జూన్. "వాక్యూం లీక్. తాళంతో ఆగుట లేదు. మీట నొక్కవలెను. తర్వాత చూద్దాం." అంతే. మళ్ళీ ఎక్కడా లేదు. డాక్టరు కదా, అన్నీ రాసినాయన, ఇది మాత్రం తర్వాత చూద్దాం.

లాక్ వెయ్యకుండా తిప్పి ఉంటే ఆయనకి ఈ గొడవే లేదు. కానీ మావయ్య లాక్ వెయ్యకుండా బండి కదిపేవాడు కాదు, ఎందుకో నీకు తెలుసు, నేను ఆరేళ్ళప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ మీద వెనక తలుపు తెరిచి సగం బయటికి వేలాడానుగా, ఆయన నా లాగు పట్టుకుని... ఆ రోజు నుంచి ఎక్కగానే ఠక్. పిల్లలు లేకపోయినా ఠక్. ఒక్కడే వెళ్తున్నా ఠక్.

గుండీ పైకి లాగితే చాలు మావయ్యా అని చెప్పాలనిపించింది రా. వంగక్కర్లేదు, చివర్లో నడుం నొప్పితో కూడా... సరే.

ఇంక మెకానిక్ పసుపు గొట్టం పీకి, అదే లాకులకెళ్ళేది, దాని మూతికి రీఫిల్ ముక్క కరిగించి బిరడా కొట్టాడు, ఇప్పుడు తాళం తీస్తే టక్కున ఆగుతోంది, లాకులు మాత్రం ఒక్కో తలుపూ చేత్తో వేసుకోవాలి. డయాఫ్రం దొరికిందట, ఇవ్వాళ తెస్తానన్నాడు. వెయ్యించాలా వద్దా అని చూస్తున్నా. పెద్దది మాత్రం ఆ ఎర్ర మీట తనే నొక్కుతానంటోంది, స్టూలు వేసుకుని మరీ, దానికది ఆట, నిన్న రెండుసార్లు

అదుగో హారన్, వచ్చేశాడు. డబ్బులిచ్చి వస్తా, రాకపోతే ఇంతే అనుకో, వేసవికి నువ్వే రా, బ్యారేజీ మీద తిప్పుతా, నువ్వు మాత్రం ముందు సీట్లో. వెనక మరక చాలు.

నీ
బుజ్జిగాడు