గిట్టకు వేసిన మందు, పొదుగులో దిగిన పాలు

ప్రియమైన మిత్రమా,

ఆవు వెనకకాలు కుంటుతోందనీ, గిట్టల చీలిక వాచి దుర్వాసన వస్తోందనీ, డాక్టరుగారు సూది వేశారనీ రాశావు. నీకు కాలి గురించే బెంగ. నాకు మాత్రం, పొదుగు బాగానే ఉంది కనుక పాలు ఎప్పటిలాగే పోస్తున్నానన్న నీ చివరి మాట దగ్గర గుండె గుభేలుమంది.

పొదుగువాపులో పాలు విరిగినట్లు కనబడతాయి కనుక ఎవరూ చెప్పకుండానే పారబోస్తాము. గిట్టల జబ్బులో పాల రంగూ రుచీ మారవు కనుక ఏమరుపాటు పడతాము. కండలోకి ఎక్కిన మందు రక్తంతోపాటు కాలికి చేరినట్లే పొదుగుకూ చేరి, నాలుగు చన్నులలోకీ దిగుతుంది. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం లీటరు పాలలో ఆక్సిటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మైక్రోగ్రాములు దాటకూడదు, పెన్సిలిన్ అయితే 4 మాత్రమే. అంత సూక్ష్మమైన లెక్క కనుకనే ఒక్క ఆవు పాలు ట్యాంకు మొత్తాన్నీ చెడగొట్టగలవు. కాచినంత మాత్రాన పెన్సిలిన్ పోదు. అది పడనివారికి దద్దుర్లు లేవవచ్చు, ఆ పాలకు తోడు కూడా సరిగా అంటుకోదు.

సీసా మీద పాలకు రాసిన గడువును, అంటే పాలు పోయకుండా ఆగవలసిన కాలాన్ని, చివరి సూది వేసిన గంట నుంచి లెక్కపెట్టు. మోతాదు పెంచినా, సూది వేసే చోటు మార్చినా ఆ గడువు చెల్లదు, డాక్టరుగారినే మళ్లీ అడగాలి. సెఫ్టియోఫర్ అనే యాంటీబయాటిక్ సూదులలో కొన్నిటికి పాల గడువు సున్నా అని ఉంటుంది. అయినా మనుషుల వైద్యానికి అంత ముఖ్యమైన జాతి మందును ప్రతి కుంటుకూ వాడటం నాకు సమ్మతం కాదు. అరికాలి పుండయితే గిట్ట చెక్కి, పక్క గిట్టకు దిమ్మ అతికించి బరువు తప్పిస్తే చాలాసార్లు యాంటీబయాటిక్ అవసరమే రాదు.

మడమ దగ్గరి ఎర్రటి పుండుకు టెట్రాసైక్లిన్ పొడి అద్ది కట్టు కట్టినప్పుడూ జాగ్రత్త కావాలి. ఒకసారి మా ఆవు కట్టు వదులై, అది పడుకున్నప్పుడు పసుపురంగు పొడి చన్నుకు అంటుకోవడం కళ్లారా చూశాను. ఆ పూట పాలు పక్కన పెట్టేశాను. అప్పటినుంచి పితికే ముందు చేతులూ చన్నులూ కడిగి తుడవనిదే బకెట్టు ముట్టుకోను.

ఇప్పుడే ఆ ఆవు కాలికి ఎర్రగుడ్డ కట్టి, చివరన విడిగా పితుకు. పారబోయడానికి మనసొప్పక ఆ పాలు దూడకు పట్టకు, దాని కడుపులోని సూక్ష్మజీవులు మందుకు అలవాటు పడతాయి. మందు పేరూ, చివరి సూది వేసిన సమయమూ రాసి పంపు. ఏ పూట నుంచి పాలు పోయవచ్చో ఇద్దరమూ కలిసి లెక్క చూద్దాము.

నీ స్నేహితుడు