అనుమతి పత్రం మీద సంతకానికి ముందు వేయవలసిన లెక్క

సంపాదకులకు నమస్కారాలు.

పర్యాటక ప్రాంతాల్లో నీటి ఎద్దడి, చెత్తకుప్పలు, రద్దీ గురించి వార్తలు వచ్చినప్పుడల్లా తప్పంతా పర్యాటకులదే అన్నట్టు చర్చ సాగుతోంది. వారి ప్రవర్తనలో లోపం లేదని నేను అనను. అయితే ఏ వాలు మీద కట్టడాలు ఉండకూడదో, ఎన్ని గదులకు అనుమతి ఇవ్వాలో, మురుగు ఎటు పోవాలో నిర్ణయించే అధికారం చాలా చోట్ల స్థానిక ప్రభుత్వాలదే కనుక, చర్చ మొదలుకావలసింది వాటి వైఖరి దగ్గర అని నా అభిప్రాయం.

1992లో రియో ధరిత్రీ సదస్సు ఆమోదించిన 'ఎజెండా 21' అనే సుస్థిర అభివృద్ధి కార్యాచరణ ప్రణాళికలో స్థానిక సంస్థల కోసం ఒక అధ్యాయమే కేటాయించారు. అప్పటినుంచి 'సుస్థిర' అనే మాట లేని మాస్టర్ ప్లాన్ అరుదైపోయింది, కానీ ఆ మాట ముందుమాటలో ఉన్నంత గట్టిగా అనుమతుల దస్త్రంలో కనిపించదు. పాలకవర్గాలన్నీ చెడ్డవి కావడం ఇందుకు కారణమని నేను అనుకోను. కొత్త హోటల్ ప్రారంభోత్సవం పదవీకాలంలోనే జరుగుతుంది, దాని కోసం తోడిన బోర్లు ఎండిపోయేది మరొకరి హయాంలో. పైగా నిధులు, సిబ్బంది చాలా చోట్ల జనాభా లెక్కల్లోని స్థిర నివాసులను బట్టి వస్తాయి. సెలవు రోజుల్లో ఆ ఊరు మోసే జనం అంతకు ఎన్నో రెట్లు ఉన్నా, కుళాయి గొట్టం, శుద్ధి కేంద్రం, పారిశుద్ధ్య కార్మికుల సంఖ్య మాత్రం నివాసుల లెక్కకే పరిమితమవుతాయి. ఇన్ని ఇబ్బందుల మధ్య కూడా, వచ్చినవారి సంఖ్య పెరగడమే పాలన విజయానికి ఏకైక కొలమానంగా ప్రకటించుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్ దీవి అనుభవాన్ని ప్రతి పర్యాటక పట్టణ పాలకవర్గం శ్రద్ధగా చదవాలి. తీరం వెంట కొంత మేర కట్టడాలు ఉండకూడదన్న నిబంధన అక్కడ ముందే ఉంది, మురుగునీటి వ్యవస్థకు ప్రతి వసతి గృహాన్నీ కలపాలన్న బాధ్యతా ఉంది. అమలే లేదు. శుద్ధి కాని మురుగు సముద్రంలోకి చేరుతూ ఉంటే, చివరకు దేశాధ్యక్షుడే జోక్యం చేసుకుని 2018 ఏప్రిల్ 26 నుంచి ఆరు నెలల పాటు దీవిని పర్యాటకులకు పూర్తిగా మూసివేయవలసి వచ్చింది. ఆ ఆరు నెలలూ ఉపాధి కోల్పోయినవారిలో పడవలు నడిపేవారు, గదులు శుభ్రం చేసేవారు, చిన్న వ్యాపారులు ఉన్నారు. అనుమతులు ఇవ్వడంలో గానీ, నిబంధనలు చూసీచూడనట్టు వదిలేయడంలో గానీ వారికి ఏ పాత్రా లేదు. తిరిగి తెరిచేటప్పుడు దీవిలో ఒకే సమయంలో 19,215 మంది పర్యాటకులకు మించి ఉండకూడదని పరిమితి పెట్టారు. దీవి మోయగల భారాన్ని అప్పుడు లెక్కించగలిగినవారు, మొదటి పెద్ద హోటల్‌కు అనుమతి ఇచ్చే ముందే లెక్కించగలిగి ఉండేవారు కదా!

నగర పాలకులు తలచుకుంటే ఏం చేయగలరో కూడా చెప్పాలి. క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ నగర పాలన విహార నౌకల సంస్థలతో మాట్లాడి, ఒకేసారి రెండు నౌకలకు మించి రాకుండా, వాటిలో వచ్చేవారు 4,000కు మించకుండా 2019లో ఒప్పందానికి వచ్చింది. స్పెయిన్‌లోని మయోర్కా దీవిలో కాల్వియా పురపాలక సంఘం, విచ్చలవిడి నిర్మాణాలతో తీరం పాడైందని గ్రహించి, 1990లలో పాత హోటళ్లను కొని కూల్పించే దాకా వెళ్లింది. అయితే మయోర్కా ఉన్న బలేరిక్ దీవులలో పర్యావరణం కోసం పర్యాటకులపై 2002లో విధించిన పన్నును ప్రభుత్వం మారగానే 2003లో రద్దు చేశారు, మళ్లీ అలాంటి పన్ను రావడానికి 2016 దాకా ఆగవలసి వచ్చింది. పాలకుల ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన సుస్థిరత ఎంత బలహీనమో ఇందులో తెలుస్తోంది.

ఆంక్షలు పెడితే ఉపాధి పోతుందన్న వాదన తరచూ వినిపిస్తుంది. ఆ భయం నిజమైనదే, దానిని తేలికగా తీసుకోకూడదు. కానీ బొరాకాయ్‌లో ఉపాధిని ఒక్కసారిగా ఆపింది ముందుచూపుతో పెట్టిన ఆంక్ష కాదు, అది లేకపోవడం వల్ల తప్పనిసరి అయిన మూసివేత.

అందువల్ల కొత్త వసతి గృహానికి అనుమతి ఇచ్చే ముందు, అత్యంత రద్దీ రోజున నివాసులకూ పర్యాటకులకూ కలిపి ఎంత నీరు కావాలి, ఎంత ఉంది, ఎంత మురుగు వస్తుంది, అందులో ఎంత శుద్ధి చేయగలం అన్న లెక్కను స్థానిక సంస్థ ప్రజల ముందు పెట్టడం చట్టపరంగా తప్పనిసరి కావాలి. లెక్క సరిపోని చోట అనుమతి ఆగాలి, నిబంధనలు మీరి కట్టినవాటిని రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే అలవాటు కూడా ఆగాలి. పర్యాటకం మీద వచ్చే పన్నులో నిర్ణీత వాటా నేరుగా ఆ ఊరి నీటికీ, పారిశుద్ధ్యానికీ చేరాలి. ఏటా పర్యాటకుల సంఖ్యను ప్రముఖంగా ప్రచురించే పత్రికలు, దాని పక్కనే ఆ ఊరి శుద్ధి కేంద్రం సామర్థ్యాన్ని కూడా అధికారులను అడిగి ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు