అక్కకు, మధ్యాహ్నం ఫోన్ల గురించి

ఎడిసన్, న్యూజెర్సీ

అక్కా,

అందరూ బాగుండారా? ఫోన్లో చెబితే సగంలోనే అందుకుని నీ కథ మొదలుపెడతావు, అందుకే ఈసారి రాసి పంపుతుండా. చెల్లెలు మధ్యాహ్నం పూట ఫోన్ చేయడం మానేసింది, అమెరికా నీళ్లు బాగా ఒంటబట్టాయి అని అమ్మ దగ్గర అన్నావంట. నీకు మధ్యాహ్నం 12:30 అంటే నాకు తెల్లవారుజామున 3 గంటలక్కా. ఇన్నాళ్లూ నువ్వు కుక్కర్ దించుకుంటూ మాట్లాడింది నిద్రపట్టక దొర్లుతున్న మనిషితో.

సరిగ్గా ఆ వేళకు మెలకువ వచ్చేస్తుంది. ఒళ్లంతా సెగలు, మెడ వెనక చెమట. ఆ పైన పిల్లోడి కాలేజీ ఫీజు, అమ్మ మోకాళ్లు, ఊళ్లో స్థలం తగాదా, ఒకదాని వెనక ఒకటి. కొండ మీద స్వామిని కూడా ఆ వేళకే సుప్రభాతం పాడి లేపుతారు కదా అని సర్దిచెప్పుకునేదాన్ని. ఆయనకైతే లేపడానికి ఇంతమంది కావాలి, నాకు ఎవరూ అక్కర్లేదు.

డాక్టరమ్మ థైరాయిడ్ పరీక్ష చేయించి, అది సరిగానే ఉందని చూసి, నా వయసు అడిగింది. నెలసరి ఆగిపోయే ముందు కొన్నేళ్లు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లు నిలకడగా ఉండవు, ఆ సెగలూ చెమటలూ అందుకే. ఇక్కడి ఆడవాళ్లకు సగటున 51 ఏళ్లకు ఆగితే మనవాళ్లకు 46, 47కే. ఆగిన తర్వాత కూడా కొందరికి నిద్ర తంటా పోదంట, నీలాగ.

అసలు మెలకువ రావడం రోగం కాదంది. గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలోనే అయిపోతుంది. తెల్లవారే కొద్దీ నిద్ర పల్చబడి అందరికీ మధ్యమధ్యలో మెలకువ వస్తుంది, చాలామందికి గుర్తుండదు, అంతే. చిక్కంతా ఆ తర్వాత మనం చేసేదాంట్లో ఉంది. టైము చూసుకుని ఇంకెన్ని గంటలు మిగిలిందో లెక్కలు వేయడం, ఫోన్ అందుకోవడం. నెలల తరబడి అట్ల చేస్తే మంచమెక్కగానే మెలకువగా ఉండటం ఒంటికి అలవాటైపోతుంది. దాన్ని మాన్పించే పద్ధతిని రిచర్డ్ బూట్‌జిన్ అనే సైకాలజిస్టు 1972లోనే చెప్పినాడు. నిద్ర ముంచుకొస్తేనే పడుకోవాలి. అందాజుగా 20 నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే గదిలోకి పోవాలి, కళ్లు మూతలు పడ్డాకే వెనక్కి రావాలి. రాత్రి ఎట్ల గడిచినా పొద్దున లేచే టైము మాత్రం మారకూడదు.

నేను వంటింట్లో చిన్న లైటు వేసుకుని రామకోటి రాస్తుండా. భక్తి కంటే విసుగే జాస్తి. డాక్టరమ్మకు కావాల్సిందీ ఆ విసుగే! నీతో మాట్లాడితే విసుగు ఎక్కడిది? పిన్నమ్మ కోడలి సంగతి నువ్వు ఎత్తుకున్నావంటే ఇక నాకు తెల్లారినట్టే.

దీంతోపాటు ఇంకొకటి చేయించారు, అది మహా కష్టం. మంచం మీద 8 గంటలుండి అయిదున్నరే నిద్రపోతుంటే, పడకకు ఆ అయిదున్నర గంటలే ఇస్తారు. అర్ధరాత్రి 12:30కి పడక, 6కు లేవడం. మొదట్లో రాత్రి 9కే సోఫాలో కూలబడిపోతే మీ మరిది గిల్లి లేపేవాడు. పడుకున్న సేపట్లో నూటికి 85 పాళ్లు నిద్ర పడితే అప్పుడు పావుగంట పెంచుతారు. మెలకువలు ఇప్పటికీ వస్తాయి, కానీ మళ్లీ నిద్ర తొందరగానే పడుతుంది.

నిద్ర మాత్రల కంటే ముందు ఈ చికిత్సే మొదలుపెట్టాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే ఇక్కడి డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. నువ్వేమో మెడికల్ షాపులో అడిగి ఆల్‌ప్రజోలం తెచ్చుకుంటుండావు. చీటీ లేకుండా అమ్మకూడని మందది. రాన్రాను పనిచేయదు, డోసు పెంచాల్సి వస్తుంది, రాత్రి బాత్రూముకు లేస్తే తూలి పడతావు. అట్లని రేపే మానేయొద్దు. రోజూ వేసుకునే మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్‌లోనో చూపించుకుని డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించు. సాయంత్రం 4 గంటల కాఫీ మాత్రం ఈ రోజే ఆపొచ్చు. అందులోని కెఫీన్ సగం రాత్రి 9కి కూడా ఒంట్లోనే ఉంటుంది. తిరుపతిలో కాఫీ మానమనడం పాపమే, తెలుసు, పొద్దున తాగు.

నాకు నీకంటే బావ మీద దిగులు జాస్తిగా ఉంది. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ పీలుస్తాడన్నావే, అది స్లీప్ ఆప్నియా కావచ్చు. అది ఉంటే రాత్రంతా పడుకున్నా పగలు కునుకు వస్తుంది. ఆయన యాత్రికుల్ని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీద బండి నడిపే మనిషి. లావు తగ్గితే పోతుందిలే అంటాడు, ముందు పరీక్ష చేయించుకోమను. బీపీ కూడా చూపించాలి. నా మాట వినకపోతే అమ్మతో చెప్పించు, అత్తగారికి ఎదురు చెప్పడు.

ఇకపై శనివారం రాత్రి 8కి నేనే ఫోన్ చేస్తా. నీకు ఆదివారం పొద్దున 5:30 అవుతుంది, వాకిట్లో నీళ్లు చల్లే వేళ. నువ్వూ రోజూ ఒకే టైముకు లేవాలిగా, అదే పెట్టుకో. పిన్నమ్మ కోడలి సంగతి దాచిపెట్టుకో, అంతా అప్పుడు వింటా. బావ పరీక్షకు ఏ రోజు పోతాడో ఈలోపలే మెసేజ్ పెట్టు.

నీ చెల్లెలు