పాత జర్మన్ బండ్ల యజమానులకు: వచ్చే నెల నుంచి మా షెడ్డులో మారేవి

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చే బెంజ్, బీఎండబ్ల్యూ, ఆడి బండ్లలో ఎక్కువ భాగం పదేళ్లు దాటినవే. కొత్తలో నలభై, యాభై లక్షలు పలికిన ఈ కార్లు ఇప్పుడు ఐదారు లక్షలకే చేతులు మారుతున్నాయి. కొంటున్నవాళ్లు కోటీశ్వరులేమీ కారు. కార్లంటే ప్రాణం పెట్టే ఉద్యోగులు, చిన్న వ్యాపారులు. మా షెడ్డు నడుస్తున్నదే మీవల్ల. అందుకే ఒకటో తేదీ నుంచి చేస్తున్న మార్పులను బిల్లు చేతికిచ్చే రోజున కాకుండా ఇప్పుడే చెబుతున్నాను.

ముందు డబ్బు సంగతి. లేబర్ గంటకు 900 నుంచి 1,100 రూపాయలు అవుతోంది. "జీఎస్టీ తగ్గింది కదా, మీరు పెంచడమేమిటి?" అని కొందరు ఇప్పటికే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాల మీద పన్ను 28 శాతం నుంచి 18కి దిగింది. పన్నుతో కలిపి 128 రూపాయలు అయ్యే వస్తువు 118కి రావాలి. కానీ మన బండ్ల భాగాలకు లెక్క యూరోల్లో ఉంటుంది. ఆ ఏడాది మొదట్లో 90 రూపాయల దరిదాపుల్లో ఉన్న యూరో, పన్ను తగ్గేనాటికే నూరు దాటేసింది. పన్నులో మిగిలింది మారకంలో పోయింది. లేబర్ మీద పన్ను ఎప్పటిలాగే 18 శాతం. ఈ పెంపు మొత్తం మా కుర్రాళ్ల జీతాలకే పోతుంది. స్కానర్ తగిలించి, బండి కంప్యూటర్ చూపించే లోపం కోడ్ చదవడం ఎవరైనా చేస్తారు. ఆ కోడ్‌ను నమ్మాలో వద్దో తెలిసిన పనివాడు దొరకడం కష్టం, నిలబెట్టుకోవడం ఇంకా కష్టం.

ఇక పెద్ద మార్పు. ఇకమీదట మేమిచ్చే ప్రతి ఎస్టిమేటూ రెండు భాగాలుగా ఉంటుంది: ఆగగలిగేవి, ఆగలేనివి. ఆగలేనివి పక్కనపెట్టి ఆగగలిగేవి మాత్రమే చేయమంటే చేయం. పగుళ్లిచ్చిన కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ట్యాంకు అలాగే ఉండగా సీట్లకు కొత్త తోలు వేయించమని అడిగేవాళ్లు మనలో తక్కువేమీ లేరు. సీటు మోటారు, సన్‌రూఫ్, స్క్రీన్‌లో చచ్చిపోయిన గీతలు, పార్కింగ్ సెన్సర్, ఇవన్నీ ఏళ్ల తరబడి ఆగుతాయి. నా సొంత బండిలో వెనక ఎడమ అద్దం దిగదు. దించాల్సిన అవసరం రాలేదు, బాగుచేయించనూ లేదు.

ఆగలేని వాటిలో మొదటిది కూలింగ్. ఆరు సిలిండర్ల పెట్రోల్ బీఎండబ్ల్యూల్లో చాలావాటిలో, ముఖ్యంగా ఎన్52 అనే ఇంజిన్ ఉన్నవాటిలో, కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు బెల్టుతో తిరగదు, కరెంటుతో తిరుగుతుంది. పాత పంపులైతే పాడయ్యే ముందు కారేవి, కీచుమనేవి. ఇది నిన్నటిదాకా బాగా పనిచేసి ఇవాళ హైవే మీద ఆగిపోతుంది. మన మే నెల ఎండలో ఇంజిన్ వేడెక్కాక "ఇంకో ఐదు కిలోమీటర్లే కదా" అని తోలితే, పంపు ఖర్చుతో పోయేది కాస్తా ఇంజిన్ హెడ్ దాకా వస్తుంది. లక్ష కిలోమీటర్ల దగ్గర, బాగున్నా సరే, పంపునూ, వేడిని బట్టి కూలెంట్‌ను వదిలే థర్మోస్టాట్‌నూ కలిపి మార్చేయడం మేలు. పంపును బిగించే అల్యూమినియం బోల్టులు ఒక్కసారి వాడేవి. పాతవే బిగించి డబ్బు మిగిల్చామని చెప్పే మెకానిక్ దగ్గర జాగ్రత్త. అన్నట్టు, రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయకండి. ఆ ఉప్పు లోపల ఏం చేస్తుందో చూడాలంటే మా దగ్గర విప్పిపెట్టిన పైపులున్నాయి, వచ్చి చూడవచ్చు.

రెండోది గేర్‌బాక్సు ఆయిల్. "జీవితాంతం మార్చనక్కర్లేదు" అని కార్ల కంపెనీలు చెప్పిన మాటను ఇప్పటికీ పట్టుకుని ఉన్నవాళ్లున్నారు. ఎవరి జీవితాంతం అన్నది ఎవరూ అడగరు. ఆ గేర్‌బాక్సులు తయారుచేసిన జెడ్ఎఫ్ కంపెనీయే, వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఆయిల్ మార్చమంటుంది. ఆరు గేర్ల జెడ్ఎఫ్ బాక్సుల్లో చాలావాటికి ఫిల్టరు అడుగునున్న ప్లాస్టిక్ పాన్‌లోనే ఉంటుంది కాబట్టి పాన్ మొత్తం మార్చాలి. ఖర్చుతో కూడిన పనే, కాదనను. గేరు మారేటప్పుడు కుదుపు మొదలయ్యాక వచ్చే ఖర్చు ముందు అది చిన్నది.

మూడో విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. 2006కు ముందు వచ్చిన, డబ్ల్యూ211 అని పిలిచే తరం ఈ-క్లాస్ బెంజ్‌లలో ఎస్‌బీసీ అనే బ్రేకు విధానం ఉంటుంది. మీ కాలు పెడల్ మీద పెట్టే ఒత్తిడి నేరుగా చక్రాలకు చేరదు. మధ్యలో కంప్యూటరూ పంపూ ఆ పని చేస్తాయి. 2004లోనూ 2005లోనూ కంపెనీ స్వయంగా ఈ విధానం ఉన్న బండ్లను వెనక్కి పిలిపించింది, 2006లో ఈ-క్లాస్ నుంచి దాన్ని తీసేసింది. పంపు ఎన్నిసార్లు పనిచేసిందో యూనిట్ లెక్క రాసుకుంటుంది. లెక్క నిండితే ఎర్ర హెచ్చరిక వెలుగుతుంది. పూర్తిగా పోతే ముందు చక్రాల బ్రేకులే మిగులుతాయి, అదీ పెడల్ బాగా లోతుగా తొక్కితే. ల్యాప్‌టాప్ తగిలించి ఆ లెక్కను సున్నా చేయమని ఇంకా అడుగుతున్నారు. మేం చేయం. ఎంత దూరపు చుట్టం అడిగినా, ఎంత దగ్గరి చుట్టం అడిగినా చేయం. యూనిట్ మార్చుకోవాలి, లేదా ఆ బండిని వదులుకోవాలి.

ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద బండిని నిలబెట్టేది) విషయంలో మాత్రం నేను అంత పట్టుదలగా లేను. ఎస్-క్లాస్ రాత్రి నిలబడి తెల్లారేసరికి ఒక మూల కుంగిపోయిందంటే చాలావరకు గాలి సంచి రబ్బరు పగిలిందన్నమాట. అలాగే తిప్పితే, కారిన గాలిని నింపలేక కంప్రెసర్ కూడా కాలిపోతుంది. ఒకటి మార్చాల్సింది రెండవుతుంది. కొత్త సంచులు కొనలేనివాళ్లు మామూలు స్ప్రింగులు వేయించుకుంటామంటే వేస్తాం. ఆ మెత్తదనం పోతుంది, బండికి విలువ తగ్గుతుంది, శుద్ధవాదులు నన్ను తిడతారు. కానీ ఎత్తు సరిగ్గా ఉన్న స్ప్రింగుల బండి, కుంగిన గాలి బండి కన్నా సురక్షితం.

విడిభాగాల గురించి. కంపెనీ పెట్టెలోనే రావాలని పట్టుబట్టకండి. సస్పెన్షన్ ఆర్ములు చాలావాటిని బీఎండబ్ల్యూకు చేసిచ్చేది లెమ్‌ఫోర్డర్ అనే కంపెనీ. అదే భాగం వాళ్ల సొంత పెట్టెలో వచ్చినప్పుడు, కార్ల కంపెనీ ముద్ర ఉండాల్సిన చోట అరగదీసిన గుర్తు కనిపిస్తుంటుంది. ధరలో తేడా మాత్రం చాలా ఉంటుంది. చెన్నైలోని పాత విడిభాగాల బజారు పుదుపేట నుంచి భాగాలు తెప్పించుకోవడానికీ అభ్యంతరం లేదు. తలుపులు, లైట్లు, సీట్లు, అద్దాలు నిక్షేపంగా తెచ్చుకోండి. పాత వాటర్ పంపు, పాత బ్రేకు యూనిట్, పాత గాలి సంచి తెస్తే బిగించం. మీరు తెచ్చిన భాగానికి మా లేబర్ గ్యారంటీ ఉండదు. అది చెడిపోతే మళ్లీ విప్పి బిగించిన కూలీ మీదే.

కొనబోయేవాళ్లకు ఒక మాట. ఢిల్లీలో పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలు ఉండడంతో అక్కడివి చౌకగా ఇటు వస్తుంటాయి. ఎన్ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపాక ఆ చౌక ఎంత మిగులుతుందో ముందు లెక్కేసుకోండి. పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి, అదీ ఖర్చే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ఎన్ని కార్లను ముంచిందో మన ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మునిగిన బండి పైకి మెరుస్తూనే ఉంటుంది. ఈ కార్లలో కంప్యూటర్ యూనిట్లు కొన్ని కార్పెట్ కిందా డిక్కీలోనూ ఉంటాయి కాబట్టి కార్పెట్ ఎత్తి బురద కోసం, కనెక్టర్లలో పచ్చని తుప్పు కోసం చూడాలి. కొనకముందు తీసుకొస్తే 3,000 రూపాయలకు లిఫ్టు ఎక్కించి, అన్నీ చూసి, రాసిస్తాం. ఆ బండే కొని మా దగ్గర పని చేయిస్తే ఆ మొత్తం బిల్లులో తగ్గుతుంది. బండి ఎంతకు కొన్నారో అందులో మూడో వంతు చేతిలో లేకుండా మాత్రం కొనకండి. మొదటి ఏడాది అంత అవుతుంది.

చివరగా స్థలం సంగతి. ఎస్టిమేట్ తీసుకుని "ఆలోచించి చెబుతాను" అని వెళ్లి నెలల తరబడి ఫోను ఎత్తనివాళ్ల బండ్లు షెడ్డులో సగం చోటు ఆక్రమించాయి. ఇకపై ఎస్టిమేట్ ఇచ్చిన పదిహేను రోజుల తర్వాత రోజుకు 200 రూపాయల పార్కింగ్ పడుతుంది. డబ్బు ఇప్పుడు లేదంటే ఆ మాటే చెప్పండి. ఆగలేనివి రెండు విడతలుగా చేయడానికి వీలుంటే చేస్తాం, వీలుకాకపోతే బండిని ఇంటికి చేర్చి ఇస్తాం. ఇప్పటికే లిఫ్టు మీదున్న బండ్లకు, ఈ నెలాఖరులోగా బయానా కట్టినవాళ్లకు పాత రేట్లే వర్తిస్తాయి.