ఆదివారం మీటింగ్‌కి పాత జడ సామాన్లు తీసుకురండి

హాయ్ అమ్మాయిలూ, టెన్త్ బ్యాచ్ అందరికీ 🙏

ఆదివారం సాయంత్రం 4కి మనం కలుస్తున్నాం కదా, ఈసారి చిన్న మార్పు. ఇంట్లో మూలన పడున్న పాత జడ సామాన్లు ఏవున్నా పట్టుకురండి, మన పిల్లలకి చూపిద్దాం. వాళ్ళకి క్లచ్ క్లిప్ తప్ప ఇంకోటి తెలీదు పాపం.

రిబ్బన్లు, సవరం, చామంతి బిళ్ళ, జడగంటలు, టిక్‌టాక్ పిన్నులు, ఏదైనా పర్లేదు. రెండు పూసల రబ్బర్‌బ్యాండు, అదే లవ్ ఇన్ టోక్యో, 1966లో వచ్చిన హిందీ సినిమా పేరే దానికి పెట్టేశారు, అది ఎవరిదగ్గరైనా ఉంటే తప్పకుండా తేవాలి!

నాకైతే జడకుచ్చులంటే ప్రాణం. నల్లదారం మూడు పాయలు, ఒక్కో చివర జరీ బుట్ట, దానికింద కుచ్చు, నడుస్తుంటే నడుముకి తగిలేది. ఇప్పుడవి కూచిపూడి పిల్లల జడల్లో, పెళ్ళికూతుళ్ళకి తప్ప ఎక్కడా కనపడట్లేదు, నాకు నిజంగా బాధేస్తుంది.

అమ్మమ్మల నాటి నాగరం (జడ మొదట్లో పెట్టే పాము పడగ బిళ్ళ), తలకి పెట్టే సూర్యుడు చంద్రుడు బిళ్ళలు ఉన్నవాళ్ళు బంగారంవి తేకండి, ఫొటో చాలు. సూర్యుడు పాపిటకి కుడివైపు, చంద్రుడు ఎడమవైపు, పెట్టుకునే ఫొటో తీసి పంపండి.

ఏం తెస్తున్నారో శుక్రవారం లోపు ఇక్కడే చెప్పండి. కవర్ మీద పేరు రాయండి, కలిసిపోతే కష్టం. జరీ కుచ్చుల్ని తడపొద్దు, పొడిబట్టతో దులపండి చాలు.

రెండు జడలు మడిచి రిబ్బన్ పువ్వు కట్టడం వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి, పిల్లలకి వెయ్యాలి. దువ్వెనలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోండి.